నీళ్ల బటన్ ఎందుకు తీసేశారు?
పాత టాప్ లోడ్ వాషింగ్ మెషీన్ పోతే మా పర్లాకిమిడిలోనే అదే కంపెనీ కొత్త మోడల్, 8 కేజీలది, ఎంతో ఆశపడి కొన్నాం. పాతదాంట్లో నీళ్లు ఎన్ని కావాలో మనమే బటన్ నొక్కి పెట్టుకునేవాళ్లం, ఇందులో ఆ బటనే లేదు, బట్టల బరువు చూసుకుని అదే పోసుకుంటుందట. నీళ్ల పొదుపు మంచిదే, కాదనను. కానీ అమ్మ నేత చీరలు, దుప్పట్లు వేస్తే పైవి తడిసీ తడవనట్టు ఉంటున్నాయి, మడతల్లో సబ్బు పొడి తెల్లగా అలాగే ఉండిపోతోంది, మా బోరు నీళ్లకి అసలే నురగ సరిగా రాదు. మధ్యలో ఒక తువ్వాలు వేద్దామన్నా మూత లాక్. నిన్న అమ్మ మోకాళ్ల నొప్పితోనే బకెట్ ముందేసుకుని అవే బట్టలు మళ్లీ జాడించింది. చాలా బాధేసింది. ఆ ఒక్క బటన్ తిరిగి పెట్టండి.