షుగర్ వచ్చాక ఉదయం టిఫిన్ తేల్చుకున్న విధం

రిపోర్టులో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే అంకె, 8.7 శాతం అని ఉంది. 6.5 గానీ ఆపైన గానీ ఉంటే డయాబెటిస్ కిందే లెక్క. కొన్ని వారాలుగా ఎంత నీళ్లు తాగినా దాహం తీరడం లేదు, రాత్రుళ్లు మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవాల్సి వస్తోంది, అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయి. కారణం ఏమిటో ఆ కాగితంతో తెలిసింది. కళ్లద్దాలు మార్పించుకుంటానంటే డాక్టర్ గారు తొందరపడొద్దన్నారు. షుగర్ బాగా పెరిగినప్పుడు కంటి లెన్సులో నీరు హెచ్చుతగ్గులై చూపు మారుతుందట. షుగర్ నిలకడగా ఉన్నాక పరీక్ష చేయిస్తేనే సరైన పవర్ తెలుస్తుందని చెప్పారు. నిజంగానే కొన్నాళ్లకు ఆ మసక పోయింది.

నాది టైప్ 2. షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర రాశారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, విరేచనాలు ఇబ్బంది పెడతాయి కాబట్టి ఏదైనా తింటూ వేసుకోమన్నారు. అంటే పొద్దున్న ఏదో ఒకటి తినాలి. ఆ ఒకటి ఏమిటన్నదే నాకు పట్టుకున్న టెన్షన్.

మధ్యాహ్నం, రాత్రి తిండి అంత కష్టం కాలేదు. పిండిపదార్థం తగ్గించి కూరగాయలు పెంచితే ఇంట్లో మీటరు చూపే షుగర్ అంకెలు దారికొచ్చాయి. ఉదయం మాత్రం మొండికేసింది. పడుకునే ముందు 130 ఉన్నది, రాత్రంతా ఏమీ తినకపోయినా, లేచేసరికి 150 దాటేది. మీటరు పాడైందేమో అనుకున్నాను. డైటీషియన్ మేడమ్ నవ్వి, "మీరు తినకపోయినా మీ లివర్ ఊరుకోదండీ" అన్నారు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరిగి, మెలకువకి శరీరాన్ని సిద్ధం చేయడానికి కాలేయం చేత గ్లూకోజ్ విడుదల చేయిస్తాయి. రక్తంలోని షుగర్‌ను అదుపు చేసే ఇన్సులిన్ సరిగ్గా పనిచేసేవాళ్లలో అది సర్దుకుంటుంది, మనలాంటివాళ్లలో పైనే నిలబడిపోతుంది. పైగా ఆ వేళలో ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినదు. అందుకే రాత్రి ఇబ్బంది పెట్టని తిండే పొద్దున్న అంకెను ఎగదోయవచ్చు.

షుగర్ అని తెలియగానే చుట్టూ ఉన్నవాళ్లందరూ వైద్యులైపోతారు కదా. ఒకరు పండ్లే తినమన్నారు, ఒకరు జ్యూస్ తాగమన్నారు, ఇంకొకరు టిఫిన్ మానేస్తే సరిపోతుందన్నారు. మేడమ్ మాత్రం ఏ పట్టికా ఇవ్వలేదు. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద పెట్టుకున్న రెండు గంటలకు ఒకసారి చూసుకుని, ఏం తిన్నానో పక్కనే ఒక పుస్తకంలో రాసుకోమన్నారు. తిన్నాక 180 లోపు ఉండాలి, ముందుకీ తర్వాతకీ తేడా ఎంత తక్కువైతే అంత మంచిదన్నారు. చేతులు కడిగి, పూర్తిగా ఆరాకే పొడుచుకోమని మరీమరీ చెప్పారు. పండు వలిచిన వేలికి అంటిన తీపి చాలు, రీడింగ్ అమాంతం పెరిగిపోవడానికి. వేలి కొసన కాకుండా పక్కగా పొడిస్తే నొప్పి తక్కువ అన్నది కూడా ఆవిడ చెప్పిందే.

ఆ పుస్తకంలో రాసుకున్నవి నా అంచనాలను తలకిందులు చేశాయి. నిమిషంలో ఉడికే ప్యాకెట్ ఓట్స్, పాలు, బాగా పండిన అరటిపండు కలిపి తిన్న రోజు 210 దాటింది. ఓట్స్ మంచివి కాదా అంటే మంచివే. వాటిలోని బీటా గ్లూకాన్ అనే పీచు జీర్ణాన్ని నెమ్మది చేస్తుంది. కానీ గింజను ఎంత పలచగా నొక్కి, ఎంత ముందే ఉడికిస్తే అంత త్వరగా గ్లూకోజ్‌గా మారుతుంది. అదే ఓట్స్ ముతకగా విరిచిన రకం తెచ్చి, సగమే ఉడికించుకుని, తీపి లేని పెరుగు, గుప్పెడు బాదం కలుపుకుంటే 170 దగ్గర ఆగింది.

బ్రౌన్ బ్రెడ్ సంగతి వేరే చెప్పాలి. రంగు చూసి మోసపోవడమే తప్ప చాలావాటిలో మొదటి పదార్థం మైదానే. ప్యాకెట్ మీద 'షుగర్' అన్న గడి ఒక్కటే చూస్తే లాభం లేదు, మొత్తం కార్బోహైడ్రేట్ ఎంతో చూడాలి. 'చక్కెర కలపలేదు' అన్న మాట నాకిప్పుడు అట్ట మీది అలంకారంలాగే కనిపిస్తుంది.

గుడ్లు మాత్రం నా పాలిట వరమయ్యాయి. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, పిండిపదార్థం ఒక గ్రాము కూడా ఉండదు. రెండు గుడ్లు, దండిగా కూరగాయలు, చివర్లో ఒక్క బ్రెడ్ ముక్క. ఈ వరసకీ ప్రయోజనం ఉంది. పీచు, ప్రోటీన్ ముందు లోపలికి వెళ్తే వెనక వచ్చే పిండిపదార్థం నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. గుడ్డు తినని రోజు ఉడికించిన శనగలతో కూడా అంకె బాగానే ఉంది. జ్యూస్ పూర్తిగా మానేశాను, పండు మాత్రం సగం, అదీ నమిలే తింటాను.

టిఫిన్ మానేయమన్న సలహా గురించి డాక్టర్ గారిని అడిగాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ పడిపోయే ప్రమాదం తక్కువేనట. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో తీసుకునేవాళ్లు తినకుండా ఉంటే 70 కిందికి జారి చెమటలు, వణుకు రావచ్చు. అందుకే ఎవరి మందు ఏమిటో తెలియకుండా సలహా ఇవ్వకూడదన్నారు. నేను ఆ మాట సలహా ఇచ్చినాయన చెవిన వేశాను, ఆయనకు నచ్చలేదు.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 6.8కి దిగింది. మందు, నడక, రాత్రి తిండి అన్నీ కలిసి చేసిన పని అది, టిఫిన్ ఒక్కదాని ఘనత కాదు. ఫాస్టింగ్, అంటే పరగడుపున చూసే షుగర్, ఇప్పటికీ అప్పుడప్పుడూ 130 దాటుతోంది. మాత్ర తగ్గించొచ్చా అని అడిగితే, ఇంకో రిపోర్టు వచ్చాక చూద్దామన్నారు.