ఐవీఎఫ్‌కు ముందు మూడు నెలలు, మూడు ముద్దల సంగటి

పెళ్లయిన ఏడేళ్లకు, అనంతపురంలోనే రెండు చోట్ల మందులు వాడి విసిగిపోయిన తరువాత, మేమిద్దరం ఐవీఎఫ్ (అండాన్ని, వీర్యకణాన్ని శరీరం బయట కలిపే చికిత్స) కోసం బెంగళూరులోని ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాం. ఆ రోజే ఇంజెక్షన్లు మొదలుపెడతారనుకుని నేను బడికి పది రోజుల సెలవు కూడా పెట్టుకున్నాను. రిపోర్టులన్నీ చూసిన డాక్టరమ్మ మాత్రం మూడు నెలలు ఆగి రమ్మన్నారు. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు, హిమోగ్లోబిన్ 10.4, పైగా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య). అండం విడుదలకు సిద్ధం కావడానికి ముందు దాదాపు మూడు నెలలు ఎదుగుతుందని, మగవారిలో వీర్యకణాలు తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుందని, కాబట్టి ఇద్దరూ ఈ రోజు మార్చుకున్న తిండి అప్పటికి గాని అక్కరకు రాదని ఆమె వివరించారు. తిండి మార్చినంత మాత్రాన గర్భం నిలుస్తుందని తాను హామీ ఇవ్వడం లేదని కూడా ఆ వెంటనే చెప్పేశారు. ఆ రెండో మాట అన్నందుకే నాకు ఆమె మీద గురి కుదిరింది.

తిరిగి వచ్చిన మరునాడే నేను తప్పులో కాలేశాను. బరువు తగ్గాలన్నారు గనుక తిండి తగ్గించడమే మార్గమనుకుని, పొద్దున కొర్ర జావ, రాత్రి మళ్లీ కొర్ర జావ, మధ్యలో టీలతో తొమ్మిది రోజులు గడిపాను. పదో రోజు టవర్ క్లాక్ దగ్గర ఆటో దిగుతూ కళ్లు తిరిగి కూలబడ్డాను. ఆ తొమ్మిది రోజుల్లోనే సంతానం కోసమంటూ ఆన్‌లైన్‌లో అమ్మే ఒక పొడి డబ్బా కూడా 2,400 రూపాయలు పోసి కొన్నాను. అందులో ఉన్నవాటిలో సగం మా కిరాణా కొట్టులో దొరికే గింజలేనని తరువాత తెలిసింది.

అప్పుడు గాని ఆ కేంద్రంలోని డైటీషియన్‌కు ఫోన్ చేయలేదు. ఏం తింటున్నారో దాచకుండా చెప్పండి అన్నారు. ఉగ్గాని, బజ్జీల సంగతి మెల్లగా చెప్పి, రాత్రి మాత్రం రాగి సంగటే తింటామని కాస్త గర్వంగానే చెప్పాను.

"ఎన్ని ముద్దలు?" అని అడిగారు.

మూడు. మా అత్తమ్మ బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కట్టెతో గెలికి, చెయ్యి తడి చేసుకుని కట్టే ముద్ద చిన్నదేమీ కాదు. ఆ ముద్ద నడుమ గుంట చేసి, నెయ్యి వేసి, అరగరిటె పప్పుతో మూడూ లాగించేవాళ్లం. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందన్నది నిజమే గాని, పిండిపదార్థం రాగిలోదైనా బియ్యంలోదైనా పిండిపదార్థమేనని, ఇన్సులిన్ సరిగా పనిచేయని పీసీఓఎస్ శరీరానికి ముద్దల సంఖ్య కూడా ముఖ్యమేనని ఆమె అన్నారు. కొత్త వంటకం ఒక్కటి కూడా చెప్పలేదు. ఉన్న కంచంలోనే పాళ్లు మార్చమన్నారు: ముద్ద ఒకటి, పుంటికూర పప్పు రెండు గరిటెలు, గోరుచిక్కుడు తాళింపు కంచంలో సగం, ఒక ఉడికించిన గుడ్డు. చెనిక్కాయలు (వేరుశనగలు) మా జిల్లా పంట, వాటినీ వద్దంటారేమోనని భయపడ్డాను. సాయంత్రం బిస్కెట్లకు బదులు ఒక గుప్పెడు తినమన్నారు, గుప్పెడంటే గుప్పెడే.

రక్తహీనత విషయంలో నా తప్పంతా టీలోనే ఉంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము సరిగా ఒంటబట్టదట. విటమిన్ సి తోడైతే బాగా ఒంటబడుతుందట. టీని భోజనానికి గంటన్నర దూరం జరిపి, ఐరన్ మాత్ర చీనీ (బత్తాయి) తొనలతో వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. రసం తీసి చక్కెర కలపవద్దని, తొనలే తినమని ప్రత్యేకంగా చెప్పారు. కాల్షియం మాత్రను ఐరన్‌తో కలిపి వేసుకోకుండా రాత్రికి మార్చాను. ఫోలిక్ యాసిడ్ మాత్రం తిండితో సరిపెట్టుకునేది కాదట. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం వచ్చిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది గనుక, రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర ముందు నుంచే వాడాలన్నారు.

వీటన్నిటికంటే కష్టమైనది మనుషులతో. ఐవీఎఫ్ సంగతి మా ఇంట్లో నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. ధర్మవరంలో పెళ్లికి వెళితే విస్తరిలో రెండో ఓళిగ (బొబ్బట్టు) వద్దన్న మనిషిని ఎవరూ ఊరికే వదలరు. చివరకు "షుగర్ బార్డర్‌లో ఉంది" అని చెప్పడం నేర్చుకున్నాను. ఆ మాటకు మా సీమలో ఉన్నంత మర్యాద ఇంకే జబ్బుకూ లేదు, మరు ప్రశ్న ఉండదు. అత్తమ్మతో ఆ ఎత్తు పారలేదు. శనివారం ఒక్కపొద్దు మానుకోనన్నాను గాని, పగలంతా పస్తుండి రాత్రి పూరీలు తినే పద్ధతి మార్చి, పాలు, పండ్లు, నానబెట్టిన పెసలతో గడిపేదాన్ని. "ఇదేం ఒక్కపొద్దు పాపా, దేవునికి లెక్క చెప్పాల్సొస్తుంది" అని ఆమె మూడు శనివారాలు నొచ్చుకున్నారు. మాగిన బొప్పాయి తినవచ్చని డాక్టరమ్మ చెప్పినా ఆమె ఇంట్లోకి రానివ్వలేదు. దానికోసం నేను పోట్లాడలేదు, జామకాయలు ఉండనే ఉన్నాయి.

మా ఆయన గుట్కా మానడానికి నలభై రోజులు పట్టింది. అందులో పన్నెండు రోజులు నాకు తెలియకుండా నమిలారని తరువాత ఆయనే చెప్పారు. దాని గురించి ఇంతకు మించి రాయను.

మూడు నెలలకు నా బరువు 69 కిలోలకు వచ్చింది. యాభై రోజులకు గాని రాని నెలసరి ముప్పై ఆరో రోజుకు వచ్చింది, హిమోగ్లోబిన్ 11.9 అయింది. పన్నెండు దాటాలని నేను పట్టుబట్టి ఎదురుచూశాను గాని, డాక్టరమ్మ ఇక ఆగనక్కరలేదన్నారు.

ఇంజెక్షన్లు మొదలయ్యే రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సెక్కాం. బాగేపల్లి దాటాక క్యారియర్ విప్పితే, రెండు జొన్న రొట్టెలు, పల్చగా తాలింపు వేసిన అలసందలు, రెండు గుడ్లు, కాగితంలో చుట్టిన గుప్పెడు చెనిక్కాయలు ఉన్నాయి. అడుగు గిన్నెలో కత్తితో తిన్నగా కోసిన ఓళిగ ముక్క ఒకటి కనిపించింది. ఫోన్ చేసి అడిగితే అత్తమ్మ, "సగమే పెట్టినా పాపా, తక్కిన సగం నేను తినేసినా" అన్నారు.