గేటు బయట నుంచి ఒక కంపెనీ: టోక్యో, హిగాషి ఒసాకా

జపాన్ స్టాక్ మార్కెట్లో ఉన్న ఒక కంపెనీని బయటి నుంచి పరిశీలించే ప్రయాణానికి 2024 నవంబరు మొదటి వారాన్నే ఎంచుకోవడానికి రెండు తేదీలు కారణం. టోక్యో బిగ్ సైట్‌లో రెండేళ్ళకోసారి జరిగే మెషిన్ టూల్ ప్రదర్శన జిమ్‌టాఫ్ 5 నుంచి 10 దాకా ఉంది. మార్చితో లెక్కలు ముగించే కంపెనీలు సెప్టెంబరు ఫలితాలు ఇవ్వడానికి 45 రోజుల గడువు 14తో తీరుతుంది. మేము చూడదలచింది టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజిలో ప్రైమ్ తర్వాతి స్థాయి అయిన స్టాండర్డ్ మార్కెట్లో ఉన్న చిన్న కంపెనీ. మిల్లింగ్ యంత్రాలకు టూల్ హోల్డర్లు, అంటే కోసే పనిముట్టును పట్టి ఉంచే భాగాలు, చేస్తుంది. పేరు అనవసరం. అంకెలు కూడా మార్చేసి, లెక్క అర్థమయ్యేలా రాస్తున్నాను.

ప్రైమ్ మార్కెట్లో పెద్ద కంపెనీలు ఇంగ్లీషులోనూ పత్రాలు ఇస్తాయి. స్టాండర్డ్ వాటికి ఆ నిర్బంధం లేదు. కాబట్టి ప్రభుత్వ సైటు ఎడినెట్‌లో వార్షిక నివేదిక, అదే 'యూహో', జపనీస్‌లోనే దించుకుని యంత్రానువాదంతో చదవాలి. ఇక్కడే మొదటి గోతులు. వాళ్ళ లెక్కల్లో △ అంటే మైనస్. అనువాదంలో ఆ త్రికోణం రాలిపోతే నష్టం కాస్తా లాభమై కూర్చుంటుంది. చిన్న కంపెనీల యూహోలో అంకెలు తరచు వేల యెన్లలో, ఫలితాల క్లుప్త పత్రం 'టాన్షిన్'లో మిలియన్లలో ఉంటాయి. ఉద్యోగుల సంఖ్య '62 [18]' అని ఉంటే, పద్దెనిమిది మంది తాత్కాలికులు విడిగా ఉన్నారని. మా అనువాదంలో అది 6218 అయింది. టాన్షిన్ వెలువడే ఎక్స్ఛేంజి ప్రకటనల సైటు టీడీనెట్‌లో 31 రోజుల పత్రాలే కనిపిస్తాయి, అప్పటికప్పుడు దించుకోకపోతే తర్వాత వెతుక్కోవాలి.

ప్రయాణానికి ఒక్క పేజీ ప్రింటు తీసుకెళ్ళమంటే యూహోలోని 'ప్రధాన సామగ్రి' పట్టిక తీసుకెళ్ళమంటాను. ఒక్కో ఫ్యాక్టరీకి భవనాలు, యంత్రాలు, భూమి పుస్తక విలువ (లెక్కల్లో రాసుకున్న విలువ), విస్తీర్ణం, ఉద్యోగులు వరసగా ఉంటాయి.

బిగ్ సైట్‌లో స్టాలు దగ్గర "ఆర్డర్లు ఎలా ఉన్నాయి?" అని అడిగితే చిరునవ్వు తప్ప ఏమీ రాదు. 'నోకి', అంటే డెలివరీ గడువు, అడగాలి. అందులోనూ ప్రామాణిక సైజులు కాదు, అవి గోడౌన్లోంచి ఎప్పుడైనా మర్నాడే వస్తాయి. ప్రత్యేకంగా చేయించుకునే హోల్డరుకు ఎన్ని వారాలో అడిగి, పక్క స్టాలు పోటీదారుణ్ణీ అదే అడిగితే ఎవరి ఫ్యాక్టరీ ఖాళీగా ఉందో తెలుస్తుంది. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. ఉద్యోగి ఎవరైనా ఇంకా ప్రకటించని ముఖ్య విషయం నోరు జారితే, అది బయటికొచ్చేదాకా ఆ షేరు కొనడం, అమ్మడం జపాన్ చట్టం ప్రకారం నేరం. విన్నవాడికీ అది వర్తిస్తుంది.

ఫ్యాక్టరీ ఉన్న హిగాషి ఒసాకాకు దారి: షిన్ ఒసాకాలో దిగి, మిదోసుజి లైనులో హొమ్మాచి, అక్కడ చూవో లైను మారి అరామోతో. ఆ స్టేషనుకు దగ్గర్లోనే ఒసాకా ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటిది) కేంద్ర గ్రంథాలయం. ఫ్యాక్టరీకి ముందు అక్కడికి వెళ్ళడమే మంచిదైంది. అక్కడ చూసే జెన్రిన్ కంపెనీ మ్యాపుల్లో ప్రతి భవనం మీదా దానిలో ఉన్నవాళ్ళ పేరు రాసి ఉంటుంది. భూమి రిజిస్టరు తీయాలంటే మాత్రం పోస్టల్ చిరునామా పనికిరాదు, 'చిబాన్' అనే స్థల సంఖ్య కావాలి. రెండూ వేర్వేరు. చిరునామా రాసి కౌంటర్లో ఇచ్చి వెనక్కి రావడం కొత్తవాళ్ళంతా చేసే పొరపాటు. చిబాన్లు అచ్చేసిన 'బ్లూ మ్యాప్' చూసుకుంటే సరి. సంఖ్య చేతిలో ఉంటే న్యాయ వ్యవహారాల కార్యాలయంలో స్థలానికి 600 యెన్లు కట్టి ఎవరైనా పత్రం తీసుకోవచ్చు. యజమాని ఎవరు, తాకట్టు ఉందా అన్నవి అందులో ఉంటాయి.

ఫ్యాక్టరీ ఉన్నది ఇరుకు సందులో. రెండు ఇళ్ళకొక షెడ్డు, ప్రతి షెడ్డులోంచీ ప్రెస్సు చప్పుడు, కటింగ్ ఆయిల్ వాసన. లోపలికి అడుగు పెట్టకుండానే చూడగలిగింది సైకిల్ స్టాండు, గేటు మీద ఉద్యోగ ప్రకటన, గోడ పక్కన చిప్స్, అంటే కోతలో రాలిన లోహపు తురుము, తొట్టి. తొట్టిలో ఉక్కు చుట్టలు నీలం తిరిగి, నూనెతో తడిగా, అంచుదాకా ఉన్నాయి. ఎండి తుప్పు పట్టినవైతే లేత్‌లు ఆగి ఉన్నాయని అనుమానించాలి. ఒక రోజు చూసి తేల్చకూడదు. స్క్రాప్ లారీ రాకకు ముందు రోజు ఏ తొట్టయినా నిండుగానే ఉంటుంది.

ఇక భూమి. యూహోలో 4,000 చదరపు మీటర్లు, పుస్తక విలువ 4 కోట్ల యెన్లు. ఎప్పుడో కొన్న ధర. పన్నుల శాఖ ఏటా జులైలో వేసే రోడ్డు ధరల మ్యాపు 'రోసెన్‌కా'లో ఆ సందు మీద '115డి' అని ఉంది. చదరపు మీటరుకు 115 వేల యెన్లని. చివరి అక్షరం లీజు హక్కు వాటా, డి అంటే 60 శాతం, సొంత భూమికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గుణిస్తే 46 కోట్లు. రోసెన్‌కా ప్రభుత్వం ప్రకటించే భూమి ధరలో సుమారు 80 శాతం కాబట్టి 57.5 కోట్లు. ఇక్కడ సంబరపడేవాళ్ళే ఎక్కువ. అమ్మితే లాభం మీద దాదాపు 30 శాతం పన్ను, పాత భవనం కూల్చే ఖర్చు, క్రోమ్ ప్లేటింగ్ జరిగిన చోటైతే నేల శుద్ధి. పైగా నడుస్తున్న ఫ్యాక్టరీ కింది నేల అమ్ముకునేదీ కాదు.

ప్రహరీ చుట్టూ అడుగులతో కొలిస్తే 6,000 చదరపు మీటర్లు తేలింది. దాచిన ఆస్తి దొరికిందనిపించే క్షణం అదే. రిజిస్టరు తీస్తే, గేటు వైపు 2,000 చదరపు మీటర్లు కంపెనీది కాదు, వ్యవస్థాపక కుటుంబంలో ఒకరి సొంత పేరు మీద ఉంది. అడుగుల కొలతే నమ్మితే దాదాపు 29 కోట్లు ఎక్కువ రాసుకునేవాళ్ళం. యూహో అంకె సరైనదే. వెనక పేజీల్లో 'సంబంధిత వ్యక్తులతో లావాదేవీలు' అన్న పట్టికలో ఆ స్థలానికి కంపెనీ కట్టే అద్దె ఒక వరుసలో ఉంది. యంత్రానువాదంలో దాటేసిన వరుస. గేటు తెరిచి ఉండాలంటే ఆ అద్దె ఏటా కట్టాల్సిందే.