కాటా మీద కారు

మా అమ్మాయి రేసు కారు కడుతోందని చెబితే మనవాళ్ళు ముందు అడిగేది ‘ఎంతవుతుంది?’ అని, ఆ తరువాత ‘మరి చదువో?’ అని. ఎంత బరువుంటుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో మాత్రం భోజనాల దగ్గర నడిచే చర్చంతా దాని గురించే.

మేముండేది ఇంగ్లండులో, నార్తాంప్టన్ దగ్గర. సిల్వర్‌స్టోన్ కారు రేసుల ట్రాక్ ఇక్కడికి దగ్గరే. ఈ చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా రేసింగ్ పనితో సంబంధమున్న మనిషి ఒకరు తగులుతారు. మా పక్కింటాయన జీవితమంతా లోహం కోసి, చెక్కి రిటైరైనవాడు. మా పిల్ల ఆయన దగ్గరే వెల్డింగ్ నేర్చుకుంది. డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలుస్తుంటే నాకు ఇప్పటికీ చివుక్కుమంటుంది. ‘అంకుల్’ అనమని నేను చెబితే, వద్దన్నది ఆయనే.

కారుకు నమూనా 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న కారు. ఉక్కు గొట్టాల చట్రం, దానికి అల్యూమినియం రేకులు, ముందు ఇంజిను, ఇద్దరు పట్టే చోటు, అంతే. లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ తన మొదటి కారును 1948లో, పాత ఆస్టిన్ సెవెన్ కారు మీద, ఉత్తర లండన్‌లో తన స్నేహితురాలి ఇంటి వెనక గ్యారేజీలో కట్టాడు. ఆయన చదివింది స్ట్రక్చరల్ ఇంజినీరింగ్. నేను అన్నం తినేదీ ఆ చదువుతోనే కనుక, ఈ సంగతి తెలిశాక గ్యారేజీలో నా మాటకూ కాస్త విలువ వచ్చింది.

ఇంజిను, గేర్‌బాక్సు, ఇరుసులు మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారు, అందులోనూ మొదటి తరంది, దాని నుంచి వచ్చాయి. ఇక్కడి వానలు, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసి ఆ కార్ల కింది రేకును తినేస్తాయి. రేకంతా పోయినా లోపలి యంత్రం మాత్రం రాయిలా ఉంటుంది. దాన్ని ముక్కలుగా విప్పారు. విప్పిన ప్రతి ముక్కా కాటా ఎక్కాలని మా అమ్మాయి నియమం పెట్టింది. బోల్టులకు వంటింటి త్రాసు, పెద్దవాటికి బాత్‌రూమ్ త్రాసు, ఇంజినుకు కొక్కేనికి వేలాడదీసే డిజిటల్ కాటా.

దీన్ని పిచ్చి అనుకునేవాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. మొత్తం కారు ఎంత తూగుతుందో చివర్లో ఒక్కసారి తూస్తే తెలిసిపోతుంది. కాని అప్పటికి చేయగలిగేది ఉండదు. ముక్కముక్కా తూచి, అది ముందు ఇరుసుకు ఎంత దూరంలో, నేలకు ఎంత ఎత్తులో కూర్చుంటుందో రాసుకుంటే, బరువును దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే కారు బరువు ఏ చోట కేంద్రీకృతమవుతుందో కట్టకముందే తెలుస్తుంది. అప్పుడు బ్యాటరీని ముందు పెట్టాలా, సీటు వెనక పెట్టాలా అన్నది వాదనతో కాక లెక్కతో తేలుతుంది. మేము భవనాలకు చేసేదీ ఇదే. ఒక అంగుళం చదరపు గొట్టం, 1.6 మిల్లీమీటర్ల మందం ఉంటే మీటరుకు దాదాపు 1.2 కిలోలు. 48 మీటర్ల గొట్టం 58 కిలోలు తూగాలని నేను కాగితం మీద తేల్చాను. చట్రం 63 తూగింది. ఆ ఐదు కిలోలూ వెల్డింగ్‌వి, అక్కడక్కడా అతికించిన పట్టీలవి.

తూచడం మొదలుపెట్టాక ఊహలు చాలా తలకిందులయ్యాయి. అసలు సీటు 16 కిలోలు. దాని బదులు పెట్టిన ఫైబర్‌గ్లాసు సీటు ఐదున్నర. ఇది అందరూ ఊహించేదే. కాని పాత చక్రాలు తీసేసి ‘రేసింగ్ చక్రాలు’ కొందామని ఆమె దాచుకున్న డబ్బు బయటికి తీసిన రోజున, ఎందుకైనా మంచిదని పాత చక్రాన్ని టైరు విప్పి తూచింది. 5.4 కిలోలు. కొనబోయేవి ఒక్కొక్కటి ఏడు కిలోల పైనే. మాజ్దా ఇంజినీర్లు ముప్పై ఏళ్ళ క్రితమే ఆ పని చేసిపెట్టారు. పైగా చక్రం బరువు స్ప్రింగు మోసే బరువు కాదు. ప్రతి గతుకుకూ ఎగిరిపడేది, తిప్పడానికి అదనంగా శక్తి తినేది. డబ్బు మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది. వైర్ల కట్ట మరో వింత. పది కిలోల పైచిలుకు తూగింది. అద్దాలు దించే మోటార్లకు, రేడియోకు, లైట్లకు వెళ్ళే తీగలన్నీ వేరు చేస్తే సగం కూడా మిగలలేదు.

ఈ వ్యవహారంలోకి మా నాన్న ఎలా వచ్చారో చెప్పాలి. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేశారు. పంట రోజుల్లో తెల్లవారుజాము నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా ఎక్కుతుంటే చీటీలు రాయడం ఆయన పని. మనవరాలితో ఆయన ఫోను సంభాషణ ఏళ్ళ తరబడి మూడు ప్రశ్నల్లో ముగిసేది: తిన్నావా, చలిగా ఉందా, బాగా చదువుతున్నావా. దీనికి తోడు శనివారం తెలుగు బడి. అక్కడ పద్యాలు అప్పజెప్పింది, బహుమతులూ తెచ్చుకుంది, మాట మాత్రం రాలేదు. నాకు తోచేదేమిటంటే, పిల్లలకు తెలుగు రావాలంటే తెలుగులోనే తేల్చుకోవలసిన వ్యవహారం ఒకటి ఉండాలి. పద్యంలో తేలేదేముంది?

ఒక ఆదివారం ఆమె గేర్‌బాక్సును బాత్‌రూమ్ త్రాసు మీద నిలబెట్టలేక తంటాలు పడుతుంటే, వీడియోలో చూస్తున్న నాన్న, “రెండు కాటాలు పెట్టి మధ్యన బల్ల వేయి తల్లీ. రెండు అంకెలూ కలుపు. బల్ల బరువు తీసెయ్యి” అన్నారు. పక్కింటాయన రెండో త్రాసు తెచ్చిచ్చాడు. ఒకటి 22 చూపింది, ఇంకొకటి 17. బల్ల నాలుగు పోను 35 కిలోలు. అంతటితో ఆగలేదు. రెండు త్రాసుల మధ్య దూరం ఒక మీటరు కనుక, గేర్‌బాక్సు బరువు ఎక్కువ చూపిన వైపు నుంచి 43 సెంటీమీటర్ల దగ్గర ఉందని అమ్మాయి అక్కడికక్కడే లెక్క తీసింది. నాన్నకు ఆ భాగం కొత్త. మళ్ళీ చెప్పమన్నారు. ఆమె తన వచ్చీరాని తెలుగులో, చేతులతో, ఉయ్యాల బల్ల బొమ్మ గీసి చెప్పింది. నేను మధ్యలో అనువాదానికి వెళ్ళబోతే ఇద్దరూ కసిరారు.

అప్పటి నుంచి ఆదివారాలు వాళ్ళవి. కాటాకు పాసంగం, అంటే తూకంలో తేడా, ఉందేమో చూడమంటారాయన. లీటరు నీళ్ళు తూచి సరిచూస్తుందామె. డబ్బాతో సహా రాసిన అంకెలను ఆయన ఇట్టే పట్టుకుంటారు.

ఇక ఆ జాబితాలో ఒక వరుస గురించి నాకు భయం ఉండేది. అమ్మాయికి పదమూడేళ్ళప్పుడు, ఇండియా నుంచి వచ్చిన దగ్గరి బంధువు ఒకావిడ గుమ్మంలోనే, “ఒళ్ళు చేశావేమే!” అన్నారు. ఆవిడ దృష్టిలో అది పలకరింపు. ఇక్కడ పెరిగిన పిల్లకు అది నలుగురిలో వేసిన తీర్పు. ఆ తరువాత చాలాకాలం అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, ఊపిరి బిగబట్టి చూసుకోవడం నేను గమనించాను. అలాంటి పిల్ల ఇప్పుడు గ్రాములు తగ్గించే పనిలో పడింది. ఎనభై గ్రాముల బ్రాకెట్టుకు నాలుగు కన్నాలు వేసి అరవైకి తెచ్చి సంబరపడుతోంది. జాబితా చివర్లో ‘డ్రైవరు, హెల్మెట్, సూటు, బూట్లతో: 64’ అని చూడగానే నా గుండె జారింది.

అడగకుండా ఉండలేకపోయాను. తను నవ్వి, “ఆ గడికి తాళం వేశానమ్మా” అంది. నిజంగానే కంప్యూటర్లో ఆ ఒక్క గడి మారకుండా బిగించేసింది. “మిగతాదంతా దాని చుట్టూ సర్దాలి. డ్రైవరును తగ్గిస్తే బ్రేకు తొక్కేదెవరు?” తరువాత తనే చెప్పింది: ఫార్ములా వన్‌లో పొడుగాటి డ్రైవర్లు తిండి మానేసి బరువు తగ్గవలసి వస్తోందని, 2019లో డ్రైవరు, సీటు కలిపి కనీసం 80 కిలోలు ఉండాలని నియమం పెట్టారట. తక్కువైతే ఆ లోటును సీటు దగ్గర బరువులు పెట్టి పూడ్చాలి. సన్నగా ఉన్నందుకు లాభం లేకుండా చేశారన్నమాట. మన పెళ్ళిచూపుల పెద్దలకు ఇలాంటి బుద్ధి ఎవరైనా చెబితే బాగుండును.

నాన్న కూడా ఒకసారి ఆ వరుస దగ్గర ఆగారు. “నువ్వెంత తూగుతావు తల్లీ?” అని ఆయన అనగానే నేను ఫోను లాక్కోబోయాను. అమ్మాయి తడుముకోకుండా, “అరవై తాతయ్యా” అంది. “సంచితోనా, సంచి లేకుండానా?” అన్నారాయన, కళ్ళద్దాలు సర్దుకుంటూ. పిల్ల పడీపడీ నవ్వింది. “సంచితో అరవై నాలుగు.” ఆయన రాసుకుని తరువాతి వరుసకు వెళ్ళారు.

కిందటి నెల కారు నాలుగు చక్రాల మీద నిలబడింది. పక్కింటాయన ఎవరి దగ్గరో అడిగి నాలుగు కాటాల సెట్టు తెచ్చాడు, చక్రానికొకటి. ఐమూలగా ఉన్న చక్రాల బరువులు రెండేసి కలిపితే రెండు జతలూ సమానంగా వచ్చేదాకా స్ప్రింగులు బిగించే పని తనదే కనుక, సీట్లో తన బదులు 64 కిలోల ఇసుక సంచులు కూర్చోబెట్టింది. ఇసుక పోను కారు 574 కిలోలు. ముక్కల జాబితా మొత్తం 561.

“మా యార్డులో ఎప్పుడూ తరుగే చూశాం గాని ఇలా పెరగడం వినలేదే” అన్నారు నాన్న. ఇద్దరూ మొదటి వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. గేర్‌బాక్సును నూనె వంపేసి తూచారు. ఇంజిను సంగతీ అంతే. రేడియేటర్లో ఆరు లీటర్ల నీళ్ళు ఎవరూ రాయలేదు. అన్నీ కలిపితే పన్నెండు కిలోల దాకా తేలింది. మిగిలిన కిలో ఇంకా దొరకలేదు. రంగు రెండు పూతలు ఎక్కువ వేశాడని నాన్నకు పక్కింటాయన మీద అనుమానం. ఆ మాట ఆయనకు ఇంగ్లీషులో మర్యాదగా ఎలా చెప్పాలా అని మా అమ్మాయి ఆలోచిస్తోంది.