చెనిక్కాయ చేనులో పగడాల లెక్క

"ఏం పాపా, కమ్మ పోగొట్టుకున్న్యావా?" అనడిగింది మా జేజి. వేంపల్లె దగ్గర మా చెనిక్కాయ చేనులో కొలతల టేపు పరిచి, దాని వెంట మోకాళ్ల మీద పాకుతున్నాను. అర మీటరుకోసారి ఆగడం, దారానికి కట్టిన ఇనుప నట్టు వదలడం, అది దేని మీద పడితే అది రాసుకోవడం. మట్టి. చెట్టు. రాయి. గరిక. మళ్లీ మట్టి. అండమాన్ పగడపు దిబ్బల సర్వేకి నేను చేసిన ప్రాక్టీసు ఇదే.

ఇంత పొడవు తీరమున్నా మన రాష్ట్రంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు, మంచినీళ్లు వాటికి పడవు. దేశంలో పెద్ద దిబ్బలున్నవి అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలలో. వాలంటీర్లు కావాలని ఒక డైవింగ్ బృందం అడిగితే పేరిచ్చాను. డాక్టరు సంతకం, డైవింగ్ సర్టిఫికెట్, గుర్తుపట్టే పరీక్ష, ఈ మూడూ ఉండాలన్నారు. కడపలో మొదట కలిసిన డాక్టరు ఫారం చదివి, "నీకెందుకమ్మా ఇవన్నీ" అని వెనక్కిచ్చేశారు. రెండో ఆయన చెవులు, ఊపిరితిత్తులు చూసి సంతకం పెట్టారు.

ఈత వచ్చు కదా అని ధీమాగా పోయాను. చిన్నప్పుడు మా చిన్నాయన నడుముకు బెండ్లు కట్టి బావిలోకి తోసి నేర్పించిన ఈత అది. బావిలో నేర్చుకున్న మొదటి పాఠం, మునిగితే ఊపిరి బిగబట్టాలని. డైవింగ్‌లో సరిగ్గా అదే చేయకూడదు. లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, బిగబడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తెలిసినా ఒళ్లు వినదు. మాస్కులోకి నీళ్లు వచ్చిన ప్రతిసారీ బిగబట్టేదాన్ని, ట్రైనర్ నా ముందు వేళ్లు ఆడించి "వదులు, వదులు" అని సైగ చేసేవాడు. మూడో రోజుకు గానీ ఆ టెన్షన్ పోలేదు. బొటనవేలు పైకి చూపిస్తే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. ఆ పొరపాటు వల్ల ఒకసారి ఊరికే పైకి వచ్చేశాం.

మేం వాడింది రీఫ్ చెక్ పద్ధతి. 1997 నుంచి చాలా దేశాల్లో వాలంటీర్లు దీనితోనే లెక్కిస్తున్నారు. 100 మీటర్ల టేపు, దాని మీద 20 మీటర్ల ముక్కలు నాలుగు, మధ్యలో 5 మీటర్ల ఖాళీలు. ముక్కకు 40 చొప్పున 160 బిందువులు. నట్టు ఎందుకంటే, అది లేకపోతే కన్ను అందమైన పగడం వైపే పోతుంది. చేనులో నాకూ అదే జరిగింది, గుబురుగా ఉన్న చెట్టు దగ్గర చెయ్యి దానంతటదే పక్కకు జరిగేది.

గుర్తుపట్టే పరీక్ష మొదటిసారి తప్పాను. తెల్లబడిన పగడాన్ని చచ్చినదని రాశాను. నీళ్లు వేడెక్కితే పగడం తనలో ఉన్న నాచును బయటికి నెట్టేస్తుంది, రంగు పోతుంది. కానీ ప్రాణం ఉంటుంది, వేడి తగ్గితే కోలుకోవచ్చు కూడా. కాబట్టి దాన్ని "బతికిన గట్టి పగడం" కిందే రాయాలి. చనిపోయి సుమారు ఏడాది దాటినదాన్ని మాత్రం "రాయి" అనాలి. ఒకప్పుడు ప్రాణమున్నదాన్ని రాయి అని రాయడానికి నాకు మనసొప్పలేదు. మా వేంపల్లె సున్నపురాళ్లలోనూ ఇలాంటిదే ఉంది. సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి సముద్రంలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు అవి. పగడాలు కావు గానీ, ఉల్లిపాయ కోసినట్టుండే ఆ చారల రాళ్లను మేమూ రాళ్లనే అంటాం.

అసలు సర్వే రోజు ఆరేడు మీటర్ల లోతులో ఎరుపన్నదే కనిపించలేదు, నీళ్లు ముందు మింగేసేది ఆ రంగునే. చిలుకచేపలు పగడాన్ని కొరుకుతుంటే కరకర శబ్దం స్పష్టంగా వినపడింది, మురుకులు నములుతున్నట్టు. మొదటి ముక్కలో గట్టి పగడం నా లెక్కలో 17, నా జోడీ లెక్కలో 12. ఎవరి పలక వాళ్లు చూపించుకుని నీళ్లలోనే తలలు అడ్డంగా ఊపుకున్నాం. ప్రవాహానికి టేపు కదిలింది, పైగా నేను మళ్లీ నట్టు వదలకుండా కంటితో రాసేస్తున్నాను. ఆ ముక్కను మొదటి నుంచీ చేశాం. ఈసారి నాకు 13. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ పలకనే చూసుకుంటూ ఉన్నాను.

ఇంటికి రాగానే జేజి చెయ్యి చాపింది. "పగడం తెచ్చినావా? మీ తమ్మునికి కుజదోషం ఉందంట." ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరే జాతి అనీ, దిబ్బల మీది పగడం చచ్చిన ముక్క తెచ్చినా వన్యప్రాణి చట్టం కింద నేరమనీ చెప్పాను. నేను తెచ్చింది 160 బిందువుల లెక్క రాసిన కాగితమొకటే. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పని మన చేన్లోనే చేస్తాంటివి కదే" అంది.