మా ఇంటి కత్తులకు ఏ రాయి

రెండో శనివారం. ఆఫీసు లేదు. హనుమకొండలో పొద్దటి నుంచీ ముసురు. కత్తుల సంగతి ఇవాళ ఎట్లాగైనా తేల్చేయాలనుకున్నాను. రాయి మీద చేత్తోనే పదును పెట్టుకోవాలా, లేక కత్తిని క్లాంపులో బిగించి, రాడ్డుకు తగిలించిన రాయితో రుద్దే సెట్టు కొనాలా? మా బామ్మర్ది రెండోదాని పక్షం. టిఫిన్ల వేళకే తన సెట్టు బ్యాగులో వేసుకుని కాజీపేట నుంచి వచ్చేశాడు. చెప్పులు విడవకముందే "ఆఫర్ నడుస్తున్నది బావా, ఇయ్యాల్నే ఆర్డర్ పెట్టు" అన్నాడు.

నేను ముందు ఇంట్లో ఉన్న కత్తులన్నీ పేపర్ పరిచి దాని మీద పెట్టాను. ఏ రాయైనా కొనే ముందు చేయాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. 8 అంగుళాల షెఫ్ నైఫ్ ఒకటి, జర్మన్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ప్లాస్టిక్ పిడి ఉన్న చిన్న కత్తులు, మార్కెట్లో కూరగాయల పక్కనే అమ్మేవి. మటన్ కోసే కత్తి, ఊళ్లో కమ్మరి కాల్చి కొట్టి చేసిచ్చింది. అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అమ్మ కత్తిపీట. బెండకాయ, దొండకాయ, ఆనిగెపుకాయ, అన్నీ దాని మీదే. మాకు షెఫ్ నైఫ్ ఎంత బాగున్నా ఇంటికి అన్నం పెడుతున్నది కత్తిపీటే అనుకోవాలి.

నాన్న వాడిన కార్బొరండం రాయి సామాన్ల అర్రలో దొరికింది. నల్లగా, ఒకవైపు గరుకు, ఇంకోవైపు కొంచెం నునుపు. ఇది సిలికాన్ కార్బైడ్. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో తయారుచేసిన పదార్థం. వరంగల్ చౌరస్తా దగ్గర ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా ఇట్లాంటి రాయే ఇస్తారు. కొడవలికి, గొడ్డలికి దీన్ని మించింది లేదు. టమాట కోసే కత్తికి మాత్రం నునుపు వైపు కూడా మోటే. దాని మీద పెట్టిన పదును చేతికి తెలుస్తుంది కానీ టమాట తోలు మీద జారిపోతుంది.

రాళ్ల నంబర్ల గురించి బామ్మర్దికి కూడా విడమరిచి చెప్పాను. నంబర్ పెరిగే కొద్దీ రేణువు సన్నబడుతుంది. 400 అంచు విరిగిన కత్తికి, బాగా మొద్దుబారిన కత్తికి. 1000 ఇంటి కత్తికి అసలైన రాయి, అందులో రేణువు సుమారు 15 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు పదిహేను. 3000, 6000 మెరుగు కోసం. జపాన్ కొలత, అమెరికా కొలత ఒకటి కావు, కాబట్టి రెండు కంపెనీల రాళ్లను నంబర్ చూసి పోల్చకూడదు. నేను తెప్పించుకున్నది జపాన్ వాళ్ల కింగ్ 1000/6000. నిజం చెప్పాలంటే మన ఇళ్లలో ఉండే మెత్తటి స్టెయిన్‌లెస్ స్టీలుకు 6000 వైపు అంత అవసరం లేదు. 1000 వదిలిపెట్టే సన్నటి గరుకే టమాట తోలును, పండుమిర్చిని పట్టుకుని కోస్తుంది.

ఇక బామ్మర్ది సెట్టు. లాన్స్కీ అనే కంపెనీ రకం. కత్తి వీపును రెండు రేకుల మధ్య బిగిస్తాం. అటూ ఇటూ చిల్లులు ఉంటాయి: 17, 20, 25, 30 డిగ్రీలు. రాయికి ఉన్న సన్నటి కడ్డీని ఆ చిల్లులో దూర్చి రుద్దితే చెయ్యి వణికినా కోణం మారదు. షెఫ్ నైఫ్ పెట్టి 20లో రుద్దాడు. చూడటానికి ముచ్చటగా ఉంది, అంచు గీత గీసినట్టు వచ్చింది. చెయ్యి స్థిరంగా లేనివాళ్లకు, ఏడాదికోసారి మాత్రమే ఈ పని పెట్టుకునేవాళ్లకు ఇది నిజంగా మంచి వస్తువు.

అయితే పిడి దగ్గర, మొన దగ్గర పరీక్షగా చూశాను. కడ్డీ తిరిగే చోటు ఒక్కటే కాబట్టి క్లాంపు నుంచి దూరం పోయే కొద్దీ కోణం తగ్గుతుంది. పొడుగు కత్తిని రెండు చోట్ల మార్చి బిగించాలి, రెండోసారి బిగించినప్పుడు కోణం మొదటిదానితో కలవాలి. ప్లాస్టిక్ పిడి కత్తికి ఇంకో ఇబ్బంది: వెడల్పు తక్కువ, అందుకని 17లో పెడితే రాయి వెళ్లి క్లాంపునే గీకుతున్నది. పైగా ఆ కత్తి రేకే పల్చన, రాయి నొక్కితే వంగుతున్నది.

అమ్మ అప్పటిదాకా చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటున్నది. "మరి నా కత్తిపీటను దాంట్ల ఎట్ల బిగిస్తవ్ బిడ్డా?" అని అడిగింది. బామ్మర్ది సెట్టును తిప్పి చూశాడు. పీట మీద నిలబడి వంపు తిరిగిన అలుగు ఏ క్లాంపులోనూ పట్టదు. "అది పట్టదు అత్తమ్మా" అన్నాడు. నాకు అక్కడే జవాబు దొరికింది.

మధ్యాహ్నం కింగ్ రాయిని నీళ్లలో వేశాను. బుడగలు రావడం ఆగేదాకా నానాలి. అన్ని రాళ్లనూ ఇట్లా నానబెట్టకూడదు, కొన్నింటి మీద నీళ్లు చల్లితే చాలు, డబ్బా మీద రాసి ఉంటుంది. తడి బట్ట మడిచి రాయి కింద పెడితే కదలదు. కోణం కోసం స్కేలు తీశాను. మా షెఫ్ నైఫ్ వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లు. దాని వీపు రాయి మీది నుంచి 1.2 సెంటీమీటర్లు లేస్తే 15 డిగ్రీలు, 1.5 లేస్తే 20. రెండు వేళ్ల కింద ఆ ఎత్తు ఎంతో ఒకసారి చూసుకుంటే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. బామ్మర్ది ఇదివరకే 20 డిగ్రీలు పెట్టేశాడు కాబట్టి నేనూ అదే పట్టాను. అంచుకు నల్ల మార్కర్ పూసి నాలుగు రుద్దులు రుద్ది చూడాలి. రంగు అంచు దాకా పోతే కోణం సరిపోయినట్టు, పైన మాత్రమే పోతే వీపు ఇంకొంచెం ఎత్తాలి.

రుద్దుతుంటే రాయి మీద బూడిద రంగు బురద వస్తుంది. దాన్ని కడగకూడదు, కోసేది అదే. కాసేపటికి రెండో వైపు అంచున సన్నటి ఇనుప పొర లేస్తుంది, దాన్నే బర్ అంటారు. బొటనవేలిని వీపు నుంచి అంచు బయటికి జరిపితే గోరుకు తగులుతుంది. వేలిని అంచు పొడుగునా మాత్రం జరపొద్దు, తెగుతుంది. పిడి నుంచి మొన దాకా ఆ పొర తగిలితేనే కత్తిని తిప్పాలి. చాలామంది పదును రాలేదని రాయిని తిడతారు, కానీ బర్ మొత్తం లేవకముందే తిప్పేస్తే ఎంత ఖరీదు రాయైనా ఏం చేయదు. రెండో వైపు అయ్యాక బరువు తగ్గిస్తూ అటొకటి ఇటొకటి లాగాలి. చివర పాత తోలు బెల్టు మీద వీపు ముందుకు పెట్టి నాలుగైదుసార్లు లాగితే మిగిలిన పొర రాలిపోతుంది.

టమాట మీద కత్తి పెట్టి, నొక్కకుండా వెనక్కి లాగాను. తోలు విడిపోయి చక్రం పల్చగా పలక మీద పడింది, రసం కారలేదు. అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

కత్తిపీట పని నాకు ఇంకా నచ్చింది. ఇక్కడ రాయే కత్తి దగ్గరికి వస్తుంది. పీటను కాలితో తొక్కి పట్టి, తడి రాయిని చేత్తో పట్టుకుని వంపు వెంట కింది నుంచి పైకి జరపాలి, వేళ్లు రాయి అంచు దాటి బయటికి రాకూడదు. ఇనుము తుప్పు పట్టేదే కానీ రాయికి ఎంత తొందరగా లొంగుతుందో! అయిపోగానే పొడి బట్టతో తుడిచి చుక్క నూనె రాశాను. అమ్మ ఇన్నాళ్లూ పెరట్లో గ్రానైట్ మెట్టు మీద నాలుగు రుద్దులు రుద్ది వాడుకునేది. అది ఉత్త అలవాటు కాదు. గ్రానైట్‌లో స్టీలు కన్నా గట్టిదైన క్వార్ట్జ్ ఉంటుంది, అందుకే కోస్తుంది, రేణువులు పెద్దవి కాబట్టి అంచు రంపంలా మిగులుతుంది. వంటింట్లో పరిచిన షాబాద్ బండ సున్నపురాయి, స్టీలు కన్నా మెత్తన, దాని మీద ఎంత రుద్దినా పదును రాదు.

ఇనుము మాట వచ్చింది కాబట్టి రాసుకుంటున్నాను. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి ఉక్కు చేసేవాళ్లు. బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాసి 1832లో అచ్చయిన వ్యాసంలో, ఆ ఉక్కు కోసం పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి ప్రస్తావన ఉంది. అంత ఉక్కు పుట్టిన నేల మీద ఉండి వంటింట్లో మొద్దుకత్తితో ఉల్లిగడ్డలు కోయడం నాకు కష్టంగా ఉంటుంది.

సాయంత్రం వీధిలో సాన పట్టే అతను సైకిల్ మీద వచ్చాడు. మటన్ కత్తి ఇవ్వమంది అమ్మ, నేను ఇవ్వలేదు. ఆయన పనితనం మీద గౌరవం ఉంది, గొడ్డలి అయితే ఇచ్చేవాణ్ణి. పొడి చక్రం మీద పల్చటి అంచు వేడెక్కి నీలం రంగు తిరిగితే అక్కడ స్టీలు గట్టితనం పోతుంది, తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. కత్తిని సందులో పెట్టి లాగే చిన్న పరికరాలన్నా నాకు ఇష్టం లేదు. అవి అంచును నూరవు, చీరేస్తాయి.

రాయి మధ్యలో పల్లం పడకుండా కూడా చూసుకోవాలి. అద్దం ముక్క మీద 220 నంబరు వాటర్ పేపర్ పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గళ్లన్నీ పోయేదాకా రుద్దితే చదునవుతుంది.

సెట్టు కొనట్లేదని బామ్మర్దికి చెప్పేశాను. ఆ డబ్బులో కొంత పెట్టి 400 నంబరు డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు రేణువులు అంటించిన లోహపు పలక, తెప్పిస్తాను. దానికి పల్లం పడదు. మటన్ కత్తి అంచు ఎముకకు తగిలి రెండు చోట్ల విరిగింది, 1000 రాయి మీద దాన్ని సరిచేయాలంటే గంటలు పడుతుంది. "అయితే ప్లేటు రాంగనే ఫోన్ చెయ్ బావా, మా అమ్మ కత్తిపీట గూడ తెస్త" అన్నాడు. అమ్మ అతనికి చిక్కుడుకాయ కూర డబ్బాలో పెట్టిచ్చింది. వాన తగ్గాక ఏడింటికి బయల్దేరాడు.