గోపాలపూర్ ఒడ్డున పడక కుర్చీ

ఒడిశాలోని బరంపురంలో ఉన్న మా ఫోటో స్టూడియోకు తిండి పెట్టేవి పెళ్లిళ్లే. అందువల్ల కిందటి చలికాలంలో ఇంజనీరింగు చదువుతున్న ముగ్గురు తెలుగు కుర్రాళ్లు వచ్చి, తమ రాక్ పాటల ఆల్బమ్‌కు ముఖచిత్రం తీసిపెట్టమని అడిగినప్పుడు, డబ్బు మాట ఎత్తకుండానే ఒప్పుకున్నాను. వాళ్ల ఆలోచన బాగుంది: తాతగారి పడక కుర్చీ ఒకటి సముద్రపు నీళ్లలో ఖాళీగా ఉండాలి. కుర్చీని స్టూడియోలో తీసి, వెనక సముద్రాన్ని కంప్యూటర్లో అతికిస్తే సరిపోతుందన్నారు. అది మాత్రం కుదరదన్నాను.

మొండితనంతో అన్న మాట కాదది. తడి ఇసుక అద్దం లాంటిది. దాని మీద పెట్టిన వస్తువు నీడతోపాటు ప్రతిబింబాన్నీ వేస్తుంది, ఆ రెంటి అంచులనూ వచ్చిపోయే నీరు క్షణక్షణం చెరిపేస్తూ ఉంటుంది. అతికించిన బొమ్మ ఎంత నేర్పుగా చేసినా సరిగ్గా ఆ అంచు దగ్గరే దొరికిపోతుంది. ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1987లో విడుదల చేసిన 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్' ముఖచిత్రం కోసం దాని రూపకర్త స్టార్మ్ థోర్గర్సన్ ఇంగ్లండులోని సాంటన్ శాండ్స్ తీరానికి సుమారు 700 ఆసుపత్రి మంచాలను మోయించి వరసగా పరిపించాడు. వాన పడి మొదటి ప్రయత్నం పాడైతే మళ్లీ అన్నిటినీ తెప్పించి పరిపించాడు. ఈ సంగతి చెప్పగానే కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనకు మోయవలసింది ఒక్క కుర్చీయే కదా అన్నాను.

పెళ్లి ఫోటోలకు అలవాటుపడిన కంటికి అసలు ఇబ్బంది చతురస్రం. పన్నెండు అంగుళాల ఎల్పీ రికార్డు అట్ట నుంచి నేటి ఫోన్ తెర వరకు ఆల్బమ్ ముఖచిత్రం ఆకారం మారలేదు గానీ, పరిమాణం మాత్రం గోరంత అయిపోయింది. అడ్డంగా తీసి తరవాత కోసుకుందామనుకుంటే పక్కల ఉన్న ఖాళీ పోతుంది, ఆ ఖాళీతోపాటు కుర్చీ ఒంటరితనమూ పోతుంది. అందుకే కెమెరా తెర మీద నల్ల టేపు అంటించి చతురస్రం చేసుకున్నాను. పైన మూడో వంతు ఆకాశాన్ని బృందం పేరు కోసం వదిలాను.

ఫోటో తీయడానికి మా దగ్గరలోని గోపాలపూర్ తీరానికి వెళ్లాం. అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. లేచాక తీస్తే కుర్చీ నల్లటి బొమ్మగా మిగులుతుంది కాబట్టి, అంతకు ముందుండే పావుగంట వెలుతురే మాకు కావాలి. చీకటితోనే ఆటోలో కుర్చీ దించి మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టాం. మూడో కెరటానికే అది ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇక్కడి ఒడియావాళ్లు నోళియాలని పిలిచే తెలుగు జాలర్లలో ఒక పెద్దాయన వల సర్దుకుంటూ మమ్మల్ని చూసి, "కెరటం ఎనక్కెల్లేటప్పుడు కాళ్ల కింద ఇసక లాక్కుపోద్ది బాబూ, అలాగ ఆగదు" అన్నాడు. ఆయనే రెండు గోనె సంచుల్లో ఇసుక నింపించి, కుర్చీ కాళ్లకు వల తాడుతో కట్టి, జానెడు లోతున పాతిపెట్టించాడు. నా ట్రైపాడ్ కాళ్లను కూడా అలాగే పాతించాడు; నాకు ఆ ఊహే తట్టలేదని ఒప్పుకోవాలి.

కెమెరాలో వెలుతురును పట్టే సున్నితత్వం ఐఎస్ఓ 100, కటకం రంధ్రం ఎఫ్ 11, షట్టర్ అర సెకను. అంతసేపు షట్టర్ తెరిచి ఉంచితే కెరటం పాలనురగలా పరుచుకుంటుంది, కుర్చీ మాత్రం రాయిలా నిలుస్తుంది. ముప్పై దాకా తీశాను. వాటిలో ఒకదానిలో, కుర్చీ కదులుతుందేమోనని వెనక పట్టుకుని నిలబడిన పెద్దాయన అప్పుడే పక్కకు తప్పుకుంటున్నాడు. కదిలిన ఒళ్లంతా పొగలా చెదిరిపోగా, కుర్చీ పై కర్రను ఇంకా వదలని చెయ్యి ఒక్కటీ వేళ్ల కణుపులతో సహా స్పష్టంగా పడింది.

నేను దాన్ని పక్కన పెట్టేశాను. కుర్రాళ్లు అదే కావాలన్నారు. న్యూయార్కులోని పలాడియం వేదిక మీద ది క్లాష్ అనే ఇంగ్లండు రాక్ బృందంలోని పాల్ సిమొనన్ తన బాస్ గిటారును నేలకేసి కొడుతుండగా ఫోటోగ్రాఫర్ పెన్నీ స్మిత్ తీసిన ఫోటోను, ఫోకస్ తప్పిందని ఆమే వద్దన్నా వినకుండా, ఆ బృందం 1979లో 'లండన్ కాలింగ్' ముఖచిత్రంగా వేసుకుంది. ఆ కథను వాళ్లకు చెప్పినవాణ్ని నేనే కాబట్టి వాదించే దారి లేకపోయింది.

ఫోన్ తెర మీద ఆ చెయ్యి కనబడదు, కుర్చీ ఒక్కటే కనబడుతుంది. అందుకని పన్నెండు అంగుళాల ప్రతులు కొన్ని అచ్చు వేయించాం. ప్రెస్సువాళ్లు మొదటిసారి చతురస్రాన్ని తమ కాగితానికి సరిపోయేలా సాగదీసి కుర్చీని బల్లగా మార్చేస్తే, గొడవపడి మళ్లీ వేయించవలసి వచ్చింది. ఒక ప్రతిని గోపాలపూర్ తీసుకెళ్లి పెద్దాయన చేతికిచ్చాను. తన చేతిని గుర్తుపట్టాడో లేదో తెలియదు గానీ, బొమ్మను దగ్గరికీ దూరానికీ పెట్టుకుని చాలాసేపు చూసి, "మనం పాతిన గోనెలు ఏటీ కనబడ్డం లేదేటి బాబూ?" అని అడిగాడు.